ఎరుపు కింద ఇంకో ఎరుపు

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటుకు వార్డ్‌రోబ్‌లు చేయించేటప్పుడు ‘లామినేటా, డూకోనా?’ అని అడుగుతారు. రేటు విని లామినేట్ దగ్గరే ఆగిపోయేవాళ్లం ఎక్కువ. ఆ డూకో అసలు అల్మారాల కోసం పుట్టలేదు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కార్లకోసం తెచ్చిన పెయింటు పేరది. 1924 మోడల్ ఓక్‌లాండ్ కారు మీద నీలంగా మెరిసి, కార్ల రంగుల చరిత్రను రెండుగా చీల్చింది.

అంతకుముందు కార్లకు రంగు వేసింది గుర్రపు బగ్గీలకు వేసిన చేతులే. నూనె రంగు, దాని మీద వార్నిష్. ఒక పూత వేయడం, ఆరబెట్టడం, నున్నగా రుద్దడం, మళ్లీ పూత. ఖరీదైన బండికి ఈ పూతలు డజను దాటేవి. బయటికి రావడానికి వారాలు పట్టేది. షోరూముల్లో ఇవాళ ‘మల్టీ లేయర్’ అని గొప్పగా చెబుతారు గానీ, పూతల లెక్కలో ఆ బగ్గీ పనివాళ్లే మొనగాళ్లు. హెన్రీ ఫోర్డు ఈ తతంగమంతా పక్కనబెట్టి 1914 నుంచి 1925 దాకా మోడల్ టీని నలుపులోనే అమ్మాడు. నలుపు చవక, పైగా గట్టిది. డూకో వచ్చాక స్ప్రే గన్‌తో కొట్టిన రంగు గంటల్లో ఆరసాగింది. అది నైట్రోసెల్యులోజ్ లక్కర్. లక్కర్ అన్న మాటకు మూలం మన లక్కే. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది అదే.

స్పోర్ట్స్ కారు రంగులకు మాత్రం పుట్టిల్లు రేసు మైదానం. 1900లో మొదలైన గోర్డన్ బెనెట్ కప్ దేశాల మధ్య పోటీ. దుమ్ములో దూసుకొచ్చే కారు ఎవరిదో తెలియడానికి దేశానికో రంగు ఇచ్చారు. ఫ్రాన్సుకు నీలం, జర్మనీకి తెలుపు, బెల్జియానికి పసుపు. ఎరుపు దక్కింది అమెరికాకు. ఇటలీ ఎరుపు తర్వాతి మాట. బ్రిటన్ వంతు వచ్చేసరికి దాని జెండాలోని మూడు రంగులూ ఎవరో ఒకరు పట్టుకుపోయారు. 1903లో ఐర్లండ్‌లో పోటీ జరిగినప్పుడు దాని కార్లు ఆకుపచ్చతో దిగాయి. ఇవాళ ‘బ్రిటిష్ రేసింగ్ గ్రీన్’ కావాలని అదనంగా సొమ్ము కట్టేవాళ్లు కొంటున్నది ఆనాడు మిగిలిపోయిన రంగు.

తర్వాత తెలుపు స్థానంలో వచ్చిన జర్మన్ల వెండి రంగుకు ఇంకా మంచి కథ ఉంది. 1934లో కారు బరువు 750 కిలోలు మించకూడదని నిబంధన. నూర్‌బర్గ్‌రింగ్‌లో జరిగిన రేసులో మెర్సిడెస్ ఒక కిలో ఎక్కువ తూగిందట. మేనేజర్ ఆల్‌ఫ్రెడ్ నాయ్‌బావర్ రాత్రికి రాత్రి తెల్లరంగు గీకించేస్తే, తెల్లారి అల్యూమినియం తళతళతో కారు గెలిచిందట. ఆ రేసుకు అసలు బరువు నిబంధనే లేదని చరిత్రకారులు అంటున్నారు. పైగా రంగు వేయని మెర్సిడెస్ ఒకటి 1932లోనే బెర్లిన్ ఆవుస్ ట్రాక్ మీద గెలిచింది. నిజానికన్నా ఈ కథకే మెరుగు ఎక్కువ. అందుకే ఇన్నాళ్లు నిలిచింది.

ఫెరారీ ఎరుపూ దేశం ఇచ్చిందే. ఆ కంపెనీ సొంత ఊరి రంగు పసుపు, గుర్రం బొమ్మ వెనక కనిపించే మోడెనా పసుపు. 1964లో ఇటలీ ఆటోమొబైల్ క్లబ్ మీద అలిగిన ఎంజో ఫెరారీ ఫార్ములా వన్ సీజన్ చివరి రెండు రేసులకూ కార్లను తెలుపు, నీలం రంగుల్లో దింపాడు. అతని డ్రైవర్ జాన్ సర్టీస్ ప్రపంచ చాంపియన్ అయింది ఆ అలక రంగులోనే! 1968లో స్పాన్సర్లు రాగానే బ్రిటిష్ జట్టు లోటస్ సిగరెట్ పెట్టె రంగులు తొడుక్కుంది. ట్రాక్ మీద దేశాల రంగుల రోజులు చాలావరకు అక్కడితో సరి.

ఇక రంగుకు లోతు తెచ్చింది కాలిఫోర్నియా. 1950ల్లో అక్కడ కార్లను ముస్తాబు చేసే జో బెయిలన్ టెయిల్ లైటులో వెలిగే ఎరుపు కోసం పట్టుబట్టాడంటారు. అడుగున బంగారు రంగో వెండి రంగో, దాని మీద పారదర్శకమైన ఎరుపు. వెలుగు ఎరుపులోంచి దిగి, లోహపు పొడికి తగిలి, మళ్లీ ఎరుపులోంచే పైకొస్తుంది. రెండుసార్లు వడకట్టిన ఎరుపు కాబట్టే అంత చిక్కదనం. దానికి క్యాండీ యాపిల్ అని పేరు. 2013 నాటి లాఫెరారీ మీది ‘జాల్లో త్రిప్లో స్త్రాతో’, అంటే మూడు పొరల పసుపు, ఎంత ఇటాలియన్‌లో పలికినా ఈ షెడ్డు ఉపాయానికి చుట్టమే.

కార్ల రంగుల్లోని ముత్యపు మెరుపుకు మూలం చేప. 17వ శతాబ్దపు పారిస్‌లో చేప పొలుసుల నుంచి తీసిన మెరుపుతో ఉత్తుత్తి ముత్యాలు చేసేవారు. 1960ల్లో ఆ పని అభ్రకానికి వచ్చింది. పలుచని అభ్రకపు రేణువుకు టైటానియం డయాక్సైడ్ పొర తొడిగితే, పొర మందాన్ని బట్టి ఒక్కో రంగు పైకి తేలుతుంది. అభ్రకం అనగానే మనకు గూడూరు గనులు గుర్తొస్తాయి. ఈ మెరుపు పొడులకోసం మన దేశం నుంచి వెళ్లిన సరుకులో పేరుపడ్డది మాత్రం జార్ఖండ్, బిహార్‌లది. అక్కడ రేకులు ఏరేవాళ్లలో పిల్లలూ ఉన్నారన్న సంగతి బయటపడి, 2017లో కొనుగోలు కంపెనీలు పారిస్‌లో ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకోవాల్సి వచ్చింది. చేప తర్వాత సీతాకోకచిలుక వంతు. 2018లో లెక్సస్ ఎల్‌సీ కారుకు వేసిన నీలానికి గురువు మార్ఫో సీతాకోకచిలుక. దాని రెక్కల్లో నీలం రంగు పదార్థమంటూ లేదు. రెక్క అల్లికే వెలుగును అలా తిప్పి పంపుతుంది.

మూడు పొరల రంగుకు గీత పడితే పెయింటర్‌కు చుక్కలు కనిపిస్తాయి. మధ్య పొర కాస్త చిక్కబడితే షేడ్ మారిపోతుంది, అందుకని దెబ్బ తగలని పక్క తలుపు దాకా రంగు లాక్కుంటూ పోవాలి. ఇంతా చేసి తుప్పు పట్టకుండా వేసే తొలిపూత నుంచి పైనున్న క్లియర్ కోటు దాకా మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, దాదాపు రెండు తలవెంట్రుకలంత. దాన్ని కాపాడుకోవడానికి యజమానులు ఇప్పుడు కారు మొత్తానికీ పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్ము అతికిస్తున్నారు. ఆ ఫిల్ము మందం 150 నుంచి 200 మైక్రాన్లు.