వరహా నేర్పిన పాఠము

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో పాత కుటుంబముల పెట్టెలు తెఱచినచో కాసులపేరు కానవచ్చుట అరుదు కాదు. ఒకనాడు నాణెముగా చేతులు మాఱిన బంగారము నేడు నగయై నిలిచినదనుటకు ఆ పేరే సాక్షి. ఇప్పుడు పత్రికలు తెఱచినను బంగారపు మాటయే వినవచ్చుచున్నది. డాలరు పెత్తనమును తప్పించుకొనుటకై బంగారమే ఆధారముగా గల నాణెమును నెలకొల్పవలెనని కొన్ని రాజ్యములందు వాదము బయలుదేఱినది. ఈ తలంపు క్రొత్తది కాదు. బంగారమే నాణెముగా చెల్లిన కాలము మన తెలుగుదేశముననే యుండెను. అది యెట్లు గతించెనో తెలిసికొన్నచో నేటి వాదమునందలి నిజానిజములు కొంత తేటపడును.

విజయనగర ప్రభువుల నాటినుండియు దక్షిణదేశమున వరహా ప్రసిద్ధమైన బంగారు నాణెము. దాని తూకము సుమారు 3.4 గ్రాములు. పాశ్చాత్య వర్తకులు దీనినే పగోడా యనిరి. 18వ శతాబ్దమున అమలాపురమునకు సమీపమునందలి బెండమూర్లంకలో ఇంగ్లీషువారు వర్తకశాల పెట్టిరి. ఆ కాలమున మద్రాసు కుంఫిణీవారి లెక్కలు వరహాలలోనే సాగెను. 80 కాసులు ఒక ఫణము. 42 ఫణములు ఒక వరహా. వచ్చినవారు పరదేశీయులైనను, తమ టంకశాలలో వారు ముద్రించినది మన వరహానే!

అట్టి వరహాకు 1818లో కాలము చెల్లెను. కుంఫిణీ ప్రభుత్వము మద్రాసు రాజధానిలో వెండి రూపాయను ప్రమాణముగా నిర్ణయించి, 100 వరహాలకు 350 రూపాయలని మారకము కట్టెను. 1835 నాటి శాసనముతో 180 గ్రెయినుల రూపాయ వారి యేలుబడి యంతటను చెల్లుబడి యయ్యెను. బంగారు నాణెము చట్టప్రకారము చెల్లుబడిని కోల్పోయెను. బంగారము వన్నె తఱిగెనా? లేదు. జనులకు దానిపై మోజు తగ్గెనా? అదియును లేదు. శిస్తు దేనితో పుచ్చుకొనవలెనో నిర్ణయించు అధికారము చేతులు మాఱెను. రైతు శిస్తు దేనితో కట్టవలెనో అదియే దేశపు నాణెమగును.

ఆ యధికారము వలని బాధ తరువాతి తరముల యిల్లాండ్రకు తెలిసివచ్చెను. 1931 సెప్టెంబరు 21వ తేదిని ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచిపెట్టెను. మన రూపాయను మాత్రము 1 షిల్లింగు 6 పెన్నీల చొప్పున పౌనుకే కట్టియుంచిరి. 1927 నాటి చట్టములో తులము బంగారమునకు రూ. 21-3-10 అని యుండగా, ఇప్పుడు ధర దానిని మించి పోయెను. అంతకు ముందే మాంద్యము వచ్చి ధాన్యపు వెల పడిపోయియున్నది. శిస్తును, అప్పును మాత్రము రూపాయలలోనే చెల్లింపవలసి యుండెను. దేశమందలి రైతులు ఇంటి నగలమ్ముకొనిరి. ఆ బంగారము కోట్లకొలది రూపాయల మేర బొంబాయిలో ఓడలకెక్కి లండనుకు తరలి పౌనుకు బలము చేకూర్చెను. చదువరులారా, స్త్రీధనమని శాస్త్రములు చెప్పిన ఆ సొమ్మును త్రాసులో వేయునపుడు ఇల్లాలి సమ్మతి నడిగిన గృహములెన్ని?

పౌను తరువాత డాలరు వచ్చెను. 1944లో బ్రెటన్ వుడ్స్ ఒడంబడికచే ఔన్సు బంగారమునకు 35 డాలర్లని కట్టి, తక్కిన నాణెములను డాలరుకు ముడివేసిరి. 1971 ఆగస్టు 15వ తేదిని అధ్యక్షుడు నిక్సన్ డాలరుకు బంగారమిచ్చు పద్ధతిని ఆపివేసెను. అయినను డాలరు పెత్తనము సమసిపోలేదు. చమురు బేరములును, దేశముల అప్పుపత్రములును దానియందే నడచుచుండెను. 2022లో ఉక్రెయిను యుద్ధము నిమిత్తమై పాశ్చాత్య రాజ్యములు రష్యా నిలువలలో సుమారు 30,000 కోట్ల డాలర్లను స్తంభింపజేసెను. పరుల ఖాతాలో నున్న ధనము మనదేనా యను శంక అప్పుడు పలువురికి కలిగెను. 2022 మొదలు 2024 వఱకు కేంద్రబ్యాంకులు ఏటేట 1000 టన్నులకు మించి బంగారము కొనెను.

అయినను బంగారము వెనుక నున్నంతమాత్రమున నాణెము నిలుచునా? 2024 ఏప్రిలులో జింబాబ్వే ప్రభుత్వము బంగారము మొదలగు నిలువలను ఆధారముగా జూపి జిగ్ అను నాణెమును తెచ్చెను. ఆఱు నెలలైనను నిండకమునుపే దాని విలువను నూటికి 40 పాళ్లకు మించి తగ్గింపవలసి వచ్చెను. డాలరు నెదిరింపదలచిన రాజ్యమునకు మాట తప్పని ఖజానాయు, పరదేశి సొమ్మునకు సైతము రక్షణ గల న్యాయమును, విశాలమైన వర్తకమును కావలెను.

అట్లని బంగారము నిరర్థకమని తలపరాదు. 1991లో పరదేశధనము కొఱవడినపుడు మన రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును విదేశములలో కుదువబెట్టి గండము గడిపెను. 2009లో, ఏలూరున జన్మించిన దువ్వూరి సుబ్బారావుగారు గవర్నరుగా నుండగా, ఆ బ్యాంకే అంతర్జాతీయ ద్రవ్యనిధినుండి 200 టన్నులు కొనెను. ఆపదలో నాదుకొనుట బంగారము పని. లోకముచేత తన మారకమును ఒప్పించుట దాని వలన కాదు.

దేశమునకు వర్తించు నీతి గృహమునకును వర్తించును. ఇంటిలోని బంగార మెంతయో, అప్పెంతయో, దేనికై ఏది తాకట్టు పడెనో ఇల్లాలికి తెలియవలెను; లెక్క ఆమెయు వ్రాయవలెను. ఆడపిల్లల మెడలో కాసులపేరు వేయుటకు ముందు వారికి కాసుల లెక్క నేర్పుట తల్లిదండ్రుల విధి.