మానాలన్న కోరిక ఎవరిది?

తెలుగునాట తాగుడు మాన్పించే ప్రయత్నాల చరిత్ర తిరగేస్తే, తాగేవాడి మనసులో ఏముందని అడిగినవాళ్లు చాలాకాలం కనబడరు. మానాలన్న కోరిక పెళ్లానిది, తల్లిది, లేదంటే సర్కారుది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడికెళ్లి అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. జిల్లాలో సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్య నిషేధం వచ్చాయి. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించేసింది. ఆ ఆడవాళ్ల తెగువకు వంక పెట్టలేం. దుకాణం మూతపడితే మగవాడు తనంతట తానే మారతాడన్న లెక్కే తప్పింది.

ఆసుపత్రుల తీరూ అంతంతే. ఒప్పుకోనివాణ్ణి మొండివాడన్నారు, గద్దించారు. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ తాగుబోతుకు తోటి తాగుబోతునే తోడిచ్చింది. అయితే పూర్తిగా చితికిపోతే తప్ప బుద్ధి రాదన్న నమ్మకం ఆ చుట్టుపక్కలే పాతుకుపోయింది. 1983లో విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త ఈ మొండివాడన్న ముద్రను తిరగేశాడు: మొండితనం రోగిలోనే ఉండదు, ఎదుటివాడు మాట్లాడే తీరును బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. తోటి మనస్తత్వవేత్త స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో ఈ పద్ధతిపై పుస్తకమే రాశాడు.

అలాగని అంతా మనసులోనే లేదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగాయి. కల్లులో కలిపే ఆల్ప్రజోలం అనే మత్తుమందు ఒక్కసారిగా అందక, నిజామాబాద్ వైపు జనం వణుకుతూ, ఫిట్స్‌తో ఆసుపత్రుల్లో చేరారు. వాళ్లను మానాలని ఉందా అని ఎవరూ అడగలేదు, అడిగే వ్యవధీ లేదు. ముందు మందులివ్వాలి; మనసు మాట ఆ తర్వాత.

హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల సైబర్ టవర్స్ 1998లో తెరిచాక దాని దగ్గరి కొత్తగూడ ఊరు హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లతో నిండింది. ఇక్కడ కుర్రాణ్ణి కౌన్సెలింగ్‌కు తోసేది ఇంటివాళ్లే కానక్కర్లేదు; హెచ్ఆర్ మెయిల్ కావచ్చు, లివర్ రిపోర్టు కావచ్చు. మిల్లర్ బాటలో నడిచే కౌన్సెలర్ ఉపదేశం మొదలుపెట్టరు. "మానడం మీకెంత ముఖ్యం, పదికి ఎంత?" అంటారు. "నాలుగు" అంటాడనుకోండి. పది ఎందుకు కాదని నిలదీస్తే సాకులొస్తాయి. అందుకే, "మరి రెండెందుకు కాదు?" అని అడుగుతారు. కాసేపు తడుముకుని, "పొద్దున మీటింగ్‌లో చేతులు వణుకుతున్నాయండి, కెమెరా ఆపేసుకుంటున్నా" అంటాడు. తర్వాతి ప్రశ్న ఆ కెమెరా గురించే.