వేపర్ లాక్

పెట్రోలు కార్బ్యురేటరుకు చేరకముందే పైపులోనో పంపులోనో మరిగి, ఆవిరి బుడగలు ఇంధనానికి అడ్డుపడడాన్ని వేపర్ లాక్ అంటారు. కార్బ్యురేటర్ ఉన్న పాత కార్లలో వేసవిలో ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇది.

వాతావరణం: ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ పడమటి శివారైన టార్నీట్‌లో వేసవిలో కొన్ని రోజులు ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు నమోదైంది. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలుపెడతాయి.

కారణాలు: 1963 నాటి ఆస్ట్రేలియా కారు ఈహెచ్ హోల్డెన్ ఆరు సిలిండర్ల ఇంజన్‌లోనూ, మన అంబాసిడర్ కారు 1489 సీసీ ఇంజన్‌లోనూ ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు ఒకే పక్కన ఉంటాయి. చలికాలంలో ఇది మేలే. ఎగ్జాస్ట్ వేడికి పెట్రోలు చక్కగా ఆవిరవుతుంది. ఎండల్లో అదే బెడద. ఆ వేడి పైపుకూ కార్బ్యురేటరుకూ తగిలి పెట్రోలు మరుగుతుంది. పైగా లోపలికెళ్లే గాలి 20 నుంచి 50 డిగ్రీలకు వేడెక్కితే సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది. ఇంజన్ శక్తి పడిపోతుంది, మిశ్రమంలో పెట్రోలు వాటా పెరుగుతుంది.

లక్షణాలు: బండి ఆపగానే ఫ్యాను, నీటి ప్రసరణ ఆగి బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది. వేపర్ లాక్‌కు తోడు, కార్బ్యురేటర్‌లోని ఫ్లోట్ గిన్నెలో మరిగిన పెట్రోలు ఇన్‌టేక్ మానిఫోల్డులోకి పొంగుతుంది. కాసేపటికి తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. పెట్రోలు వాసన గుప్పుమంటుంది.

నివారణ: కార్బ్యురేటర్ కింద వేడిని ఆపే దిమ్మ, రేకు కవచం అమర్చడం, పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా జరపడం, ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టడం. అంబాసిడర్ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేవారు. ఫ్యూయల్ ఇంజెక్షన్‌లో అధిక పీడనం వల్ల పెట్రోలు తేలిగ్గా మరగదు.