‘మీనా’ ఎవరిది?

2016లో సికింద్రాబాద్‌లో ‘అ ఆ’ చూస్తుంటే, ఇంటర్వెల్ రాకముందే అమ్మ “ఇది మన మీనా కథ కదే!” అంది. నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరం తనది.

యద్దనపూడి సులోచనారాణి నవల ‘మీనా’ని 1973లో విజయనిర్మల సినిమాగా తీశారు. తెలుగులో దర్శకురాలిగా ఆమెకదే మొదటిది. రాసిందీ స్త్రీయే, తీసిందీ స్త్రీయే. మీనాగా నటించిందీ విజయనిర్మలే. తల్లి అదుపులో పెరిగిన డబ్బున్న అమ్మాయి పల్లెలో బంధువుల మధ్యకి వెళ్ళి తన ఇష్టమేమిటో తెలుసుకోవడమే కథ.

త్రివిక్రమ్ సినిమాకీ మూలం ఇదే. కానీ పేరు ‘అనసూయ రామలింగం వెర్సస్ ఆనంద్ విహారి’ అయింది. ఒక్క ఆడపిల్ల పేరుతో నడిచిన కథలో అతనికీ సగం వాటా దక్కింది. అయినా సమంత పాత్ర నీరుగారలేదు, ఒప్పుకోవాలి. నాకు గుచ్చుకునేది వేరు: 43 ఏళ్ళ తర్వాత కూడా పెత్తనం చేసే తల్లే కథకి అడ్డంకి. మెత్తని తండ్రిని మాత్రం అందరూ ప్రేమిస్తారు. (ఆ తండ్రి వేషం వేసిన నరేష్ విజయనిర్మల కొడుకే.)

విడుదలైనప్పుడు టైటిల్స్‌లో యద్దనపూడి పేరు లేదు. విమర్శలొచ్చాక చేర్చారు. 2018లో ఆవిడ, మరుసటి ఏడు విజయనిర్మల వెళ్ళిపోయారు.

ఆ రోజు హాలు మెట్లు దిగుతూ అమ్మ అడిగింది: “మొదట్లో ఆవిడ పేరు వేశారా? నేను కళ్ళజోడు పెట్టుకునేలోపే పోయిందేమో.”