ఆరియోమైసిన్ నుంచి ఇసకవాగు దాకా: యాంటీబయాటిక్ నిరోధకత – తెలుగు నేల చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగులో యాంటీబయాటిక్‌ల చరిత్ర అంటే దాదాపుగా యల్లాప్రగడ సుబ్బారావు జీవితచరిత్రే. 1895లో భీమవరంలో జననం, స్ప్రూ వ్యాధి కుటుంబానికి మిగిల్చిన విషాదం, అమెరికా ప్రయాణం, లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగ సంచాలకత్వం, 1948లో ఆరియోమైసిన్, అదే ఏడాది ఆగస్టులో మరణం. సాధారణంగా కథ ఇక్కడ ముగుస్తుంది. మందు మాత్రం అక్కడ ఆగలేదు. దాని తరువాతి ప్రయాణంలోనూ తెలుగు నేలకు పెద్ద పాత్రే ఉంది. ఆ భాగాన్ని విడిచిపెడితే చరిత్ర సగమే అవుతుంది. మందుల కర్మాగారాలకు పేరుపడిన హైదరాబాదుకు, అనంతపురం మెట్టసీమలోని సోమందేపల్లెకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం ఒకే రకమైనది కాదు. అయితే సంబంధమే లేని ఊరు ఏదీ లేదు.

మట్టి నుంచి దాణాకు

ఆరియోమైసిన్‌ను సుబ్బారావు స్వయంగా కనుగొన్నారన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. అది సరికాదు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు శాన్‌బార్న్ క్షేత్రంలోని 23వ మడి మట్టి నుంచి ఆ సూక్ష్మజీవిని వేరుచేసినవారు డెబ్బైయేళ్లు దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. ఆ అన్వేషణకు దిశను, వనరులను సమకూర్చినది సుబ్బారావు నాయకత్వం. ఇలా చెప్పడం వల్ల ఆయన ఘనత తగ్గదు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే మొదటి మందు.

రెండేళ్లు తిరగకముందే అదే లెడర్లీలో మరో మలుపు వచ్చింది. కోడిపిల్లలకు బి12 విటమిన్‌ను చౌకగా అందించే మార్గం వెతుకుతూ జూక్స్, స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్తలు ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని వాటికి తినిపించారు. బి12 ఒక్కదానితో వివరించలేనంత వేగంగా పిల్లలు పెరిగాయి. 1950లో ఈ సంగతి వెల్లడైంది. జబ్బు లేని కోళ్లకు, పందులకు రోజూ కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ పెట్టే పద్ధతి దీని తరువాతే విస్తరించింది. ఆ కొద్ది మోతాదులోనే చిక్కంతా ఉంది. అది బలహీనమైన బాక్టీరియాను తొలగించి, తట్టుకోగలిగినవాటికి చోటు ఖాళీ చేసి పెడుతుంది. తట్టుకునే జన్యువులు ఒక జాతి బాక్టీరియా నుంచి మరో జాతికి కూడా దాటగలవు.

ఇది ఎవరూ ఊహించని పరిణామం కాదు. పెన్సిలిన్‌ను ధ్వంసం చేసే ఎంజైమును అబ్రహాం, చైన్ 1940లోనే వర్ణించారు. అప్పటికి ఆ మందు రోగుల చికిత్సలోకి రానే లేదు. 1945 నాటి నోబెల్ ఉపన్యాసంలో ఫ్లెమింగ్ తక్కువ మోతాదు వల్ల వచ్చే ప్రమాదాన్నే ప్రస్తావించారు. పశువుల దాణా విషయమై బ్రిటన్‌లోని స్వాన్ కమిటీ 1969లో హెచ్చరించింది. పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌ల వాడకాన్ని స్వీడన్ 1986లో, ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించాయి. వైద్యులు చివరి ఆయుధంగా దాచుకునే కొలిస్టిన్‌ను ఆహారానికి పెంచే జంతువులకు వాడరాదనడానికి భారతదేశానికి 2019 దాకా పట్టింది.

ఇసకవాగు

హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్. కర్మాగారం మందుల తయారీ తెలిసిన ఒక తరాన్ని తయారుచేసింది. అందులో పనిచేసిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. 1970 నాటి పేటెంటు చట్టం అండతో ఇక్కడి పరిశ్రమ చౌక మందులను ఎన్నో దేశాలకు అందించింది. ఇది చిన్న విజయం కాదు. దాని మూల్యంలో కొంత పటాన్‌చెరు పరిసరాల నీరు చెల్లించింది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిపై చేసిన పరీక్షల ఫలితాలను ప్రచురించింది. సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలం చేరే కేంద్రం అది. శుద్ధి అయిందన్న ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. రోజుకు దాదాపు 45 కిలోలు పోతున్నట్లు లెక్క తేలింది. 90 లక్షల జనాభా గల స్వీడన్ ఐదు రోజుల్లో వాడే మందుకు అది సమానం. ఆ నీరు అప్పట్లో ఇసకవాగు, నక్కవాగుల గుండా మంజీరలో, అక్కడి నుంచి గోదావరిలో కలిసేది. వాగు అడుగు మట్టిలో నిరోధక జన్యువులు పెద్ద మొత్తంలో ఉన్నట్లు 2011లో మరో పరిశోధన చూపింది. వ్యర్థజలంలో యాంటీబయాటిక్‌లకు పరిమితులు విధించే ముసాయిదాను కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2020 జనవరిలో వెలువరించింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. ఈ చరిత్రలో ఇంతకన్నా నిరాశ కలిగించే ఘట్టం లేదు.

మాటలోని చిక్కు

2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమని లాన్సెట్ పత్రిక అంచనా ప్రచురించింది. ఇంత పెద్ద సమస్యకు తెలుగు పెట్టుకున్న పేరు మాత్రం దారి తప్పిస్తుంది. ‘రోగనిరోధక శక్తి’ మనిషికి మేలు చేసేది; ‘యాంటీబయాటిక్ నిరోధకత’ కీడు చేసేది. రెండింటికీ మాట ఒకటే. ‘మందు ఒంటికి అలవాటైపోయింది’ అన్న వాడుక కూడా మార్పు మనిషి శరీరంలో జరిగిందనే చెబుతుంది. ఈ పొరపాటు తెలుగువారిదే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో భారతదేశంతో సహా 12 దేశాల్లో జరిపిన సర్వేలో 76 శాతం మంది ఇలాగే భావించారు. ఒళ్లు అలవాటు పడితే అది ఆ ఒక్కరి కష్టం. బాక్టీరియా మొండికేస్తే అది ఇంట్లో వారికి, పక్క మంచం రోగికి, ఊరికి కూడా అంటుకుంటుంది. పత్రికల్లో వాడుకైన ‘మొండి క్షయ’ అన్న మాట ఈ తేడాను చక్కగా పట్టుకుంది. పారిభాషిక పదకర్తల కంటే విలేకరులే ఇక్కడ మెరుగు.

మెట్టసీమలో

సోమందేపల్లె శ్రీ సత్యసాయి జిల్లాలో, హైదరాబాదు–బెంగళూరు రహదారి మీది మండల కేంద్రం. వాన చాలని ఈ సీమలో పంట పోయిన ఏడు ఆదుకునేది గొర్రెల మందే. మందలో జబ్బు పడితే కాపరి చేతికి అందిన సూది వేయిస్తాడు. దాన్ని అజ్ఞానమనడం అన్యాయం. ఒక్క గొర్రె పోయినా నష్టం అతనిదే. నీలినాలుక వైరస్ వల్ల వచ్చే జబ్బు, ఆ వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. చిటుక రోగం బాక్టీరియా వల్ల వచ్చేదే అయినా మందు వేసే వ్యవధి ఇవ్వదు. తొలకరికి ముందు వేసే టీకాయే దానికి దారి. పశువైద్యశాలలో టీకా వేళకు దొరకడమే ఇక్కడ యాంటీబయాటిక్ పొదుపు.

మనుషుల మందుల విషయంలో షెడ్యూల్ హెచ్1 నియమం 2014 మార్చి 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం 24 యాంటీబయాటిక్‌లను అమ్మినప్పుడు మందు రాసిన వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం మెడికల్ షాపులో ప్రత్యేక రిజిస్టరులో నమోదు కావాలి. కేరళ 2018లో రాష్ట్ర కార్యాచరణ ప్రణాళికతో ముందుకు వచ్చింది. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ కూడా తన ప్రణాళికను రూపొందించుకుంది. ప్రణాళికల కంటే ఆ రిజిస్టర్లే స్థానిక చరిత్రకారునికి విలువైన ఆధారాలు. ఏ మండలంలో ఏ మందు, ఎప్పుడు, ఎంత ఖర్చయిందో వాటి నుంచి తెలుసుకోవచ్చు. పశువైద్యశాలల స్టాకు పుస్తకాలను వాటి పక్కన పెట్టి చదివితే మనుషుల కథ, గొర్రెల కథ ఒకే చోట కనిపిస్తాయి. నియమం ప్రకారం ఆ రిజిస్టర్లను భద్రపరచవలసినది మూడేళ్లు. తొలి ఏళ్ల పుస్తకాలకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.