బెంగళూరు చెరువులు - నాడు, నేడు

బెంగళూరు నగరం గుండా జీవనది ఏదీ ప్రవహించదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, గట్టుమీద వెలసిన ఊరిది. కురిసిన వాన నిలువక మూడు లోయల వెంట దిగిపోతుంది. అట్టి చోట 1537 ప్రాంతంలో కెంపేగౌడ పేటను కట్టించాడంటే, నీటిని నిలిపే నేర్పును నమ్ముకొనే ఆ సాహసానికి పూనుకొని ఉండాలి. ధర్మాంబుధి, కెంపాంబుధి చెరువులు ఆ నాటివని ప్రతీతి. చెరువును సముద్రమని పిలుచుకొన్న కాలమది! తెలుగువారమైన మనకు మరొక ముచ్చట: "గంగాగౌరీవిలాసము" అను తెలుగు యక్షగానం ఈ కెంపేగౌడ పేరనే ప్రచారంలో ఉంది.

ఈ చెరువులు విడివిడి గుంటలు కావు. ఎగువ చెరువు నిండి మరువ పారితే, ఆ నీరు రాజకాలువ గుండా దిగువ చెరువుకు చేరేది. నడుమ ఒక్కటి పూడినా ఆ కష్టం క్రింది ఊళ్ళన్నిటిదీ. అందుచేతనే తూము ఎత్తి దించుటకు, ఆయకట్టుకు వంతులవారీగా నీరు వదలుటకు నీరుగంటి అనే ఊరి ఉద్యోగి ఉండేవాడు. అతనికి పంటలో భాగం ముట్టేది. వేసవిలో రైతులు చెరువు పూడిక తీసి పొలాలకు తోలుకొనేవారు. చెరువుకు లోతు, చేనుకు బలం. చెరువులో ఇంకిన నీరే చుట్టుప్రక్కల బావులలో ఊరేది. మనలో పెద్దలు చేద వేసి తోడుకొన్న నీటికి ఆ చెరువులే మూలధనం.

ఈ కట్టుబాటు ఎట్లు సడలింది? చెరువుపై పగబట్టి ఎవరూ దానిని పాడుచేయలేదు. నీరు మరొక చోటినుండి వచ్చింది, అంతే. 1894లో అర్కావతి నదిపై హెసరఘట్ట జలాశయం, 1933లో తిప్పగొండనహళ్ళి, 1974లో దాదాపు నూరు కిలోమీటర్ల దూరం నుండి కావేరి. కొళాయి త్రిప్పితే నీరు వచ్చే ఇంటికి చెరువుగట్టుతో పనేమి? ధర్మాంబుధి ఉన్న చోట నేడు కెంపేగౌడ బస్సు స్టాండు ఉంది. చెరువులను కాపాడుటకు 1985లో లక్ష్మణరావు సంఘాన్ని ప్రభుత్వం నియమించింది. అప్పటికే చాలా చెరువులు ఇండ్ల స్థలాలైనాయి.

వచ్చిన కావేరి తిరిగి ఎక్కడికో పోవాలి కదా! వాడి విడిచిన నీరు పాత రాజకాలువలలోకే పారింది. నగరంలోకెల్ల పెద్దదైన బెళ్ళందూరు చెరువు నురుగుతో నిండి, 2015లో ఆ నురుగుకే నిప్పంటుకొన్నది. నీటిపై మంట చూసిన నగరం మనదే.

ఇక భూగర్భజలం సంగతి. 2024 మార్చిలో నగరంలోని సుమారు 13,900 ప్రభుత్వ గొట్టపు బావులలో 6,900 ఎండినవని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ ఏడాది అక్టోబరులో కావేరి ఐదవ దశ నీరు వచ్చింది. మళ్ళీ దూరపు నీరే!

2018 నుండి నగరపు మురుగునీటిని రెండంచెలలో శుద్ధిచేసి కోలారు జిల్లా చెరువులకు ఎత్తిపోస్తున్నారు. తెలుగు విరివిగా వినిపించే ఆ సీమలో ఎండిన చెరువులు నిండినవి. అది చిన్న విషయం కాదు. అయినా మూడవ అంచె శుద్ధి కూడా కావాలని అక్కడి రైతులు కోరుతున్నారు. రాజధాని వాడి విడిచిన నీటిని స్వీకరించేవారికి ఆ మాట అడిగే హక్కు ఉన్నదని నా అభిప్రాయం. నగరంలోనూ శ్రమ లేకపోలేదు. జక్కూరులో శుద్ధిచేసిన నీరు జమ్ము మొక్కల మడుగు గుండా వడిసి చెరువులో చేరుతుంది. పుట్టేనహళ్ళి చెరువును పరిసరవాసులే 2010లో ధర్మసంస్థగా ఏర్పడి చూసుకొంటున్నారు.

చెరువు దరిని లేనివారికీ పని ఉంది. 2009లో వచ్చిన చట్టం పెద్ద స్థలాలలోని కట్టడాలకు వాననీటి సేకరణను విధించింది. ఇక్కడ ఏటా సగటున 900 మిల్లీమీటర్లకు పైగా వర్షం. వెయ్యి చదరపు మీటర్ల పాఠశాల కప్పుపై పడేది 9 లక్షల లీటర్లకు తక్కువ కాదు. ఈ లెక్క మన ఏడవ తరగతి పిల్లలు కట్టగలరు.

సంపంగి చెరువు కంఠీరవ క్రీడాంగణం ప్రక్కన చిన్న కొలనుగా మిగిలింది. ఒకప్పుడు ఆ నీటితో తోటలు పెంచిన తిగళ కులస్థులు, చైత్రమాసంలో కరగ ఉత్సవం వచ్చినప్పుడు నేటికీ అక్కడికి వచ్చి పూజ జరుపుతారు.