పేరులో దూది, ఊపిరిలో దుమ్ము

దూదేకుల అంటే దూది ఏకేవాడు. పింజారీ అన్నా అదే. అరబ్బీలో నద్దాఫ్ అంటే కూడా అదే, మన జనం నోట్లో అది లద్దాఫ్ అయింది. ఏ భాషలో పిలిచినా పనిపేరుతోనే పిలిచారు. సర్కారు కూడా ఆ పేర్లతోనే వీళ్లను వెనుకబడిన తరగతుల్లో బి-గ్రూపులో చేర్చింది. కులాన్ని గుర్తించడానికి సరిపోయిన పని, ఆ పనివల్ల వచ్చిన జబ్బుకు ముఆవజా అడగడానికి ఎందుకు సరిపోలేదు?

జబ్బు కొత్తదేం కాదు. ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లో అచ్చువేసిన పనివాళ్ల జబ్బుల పుస్తకంలోనే జనుము, అవిసె నారలు ఏకేవాళ్ల దగ్గు గురించి రాశాడు. పత్తి దుమ్ముతో వచ్చే ఈ ఊపిరితిత్తుల జబ్బును వైద్యులు బిసినోసిస్ అంటారు. సెలవు తర్వాత మిల్లులోకి అడుగుపెట్టిన రోజున ఛాతీ బిగపట్టడం దీని తొలి గుర్తు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బిగువు అన్ని రోజులకూ పాకుతుంది, ఊపిరి తిరిగిరాదు. బ్రిటన్ తన మిల్లు కార్మికులకు దీనికోసం 1940లో ప్రత్యేక చట్టం చేసింది.

మరి ఇక్కడ? కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది, 1924 జూలై 1 నుంచి అమలైంది. వృత్తిజబ్బుల తొలి జాబితాలో ఉన్నవి ఆంత్రాక్స్, సీసం విషం, భాస్వరం విషం. అప్పటికే బొంబాయిలో డెబ్బై ఏళ్లుగా బట్టల మిల్లులు నడుస్తున్నా పత్తి దుమ్ముకు అందులో చోటులేదు. తర్వాతెప్పటికో బిసినోసిస్ కూడా జాబితాకెక్కింది. కానీ జబ్బుకు చోటు దొరికినంతమాత్రాన రోగికి దొరకలేదు.

ఎందుకంటే పరిహారం ఇవ్వాల్సింది యజమాని. నరం బిగించిన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, ఒకరింట్లో పరుపు, మరొకరింట్లో దిండ్లు ఏకినవాడికి యజమాని ఎవరు? పైగా అప్పుడప్పుడూ పిలిపించుకునే పనివాణ్ని, ఆ పని యజమాని వ్యాపారం కోసం కాకపోతే, చట్టమే కార్మికుడు కాదు పొమ్మంది. పాత పరుపు విప్పి మూసిన గదిలో దుమ్ములో కూర్చున్న దూదేకులవాడు అచ్చంగా ఆ మినహాయింపులో పడ్డాడు. ఆ మాటల్ని 2000లో సవరణతో తీసేశారు. అప్పటికే ఏకుడు యంత్రాలూ, ఫోమ్ పరుపులూ వచ్చి విల్లు మూలనపడింది.

2009లో చట్టం పేరులో కార్మికుడు ఉద్యోగి అయ్యాడు. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా స్మృతి దాని స్థానంలోకి వచ్చింది. జాబితాలో బిసినోసిస్ ఉంది. ఒంటిగది దుకాణంలో ఏకుడు మిషను దగ్గర నిలబడే కుర్రాడికి యజమానైతే ఉన్నాడు. హాజరు పట్టీ ఉందా? ఎన్నేళ్లు దుమ్ము పీల్చాడో రాసిన కాగితం ఉందా? అవి లేకుండా హక్కును రుజువు చేసేదెలా? డాక్టరు దమా అని రాసి మందులిచ్చి పంపితే, ఆ దమా ఎక్కణ్నించి వచ్చిందో ఎవరు రాయాలి?

నీ పనేమిటని ప్రతి రోగినీ అడగమని రామజ్జిని మూడొందల ఏళ్ల కిందటే వైద్యులకు చెప్పాడు. మన సర్కారు దవాఖానాల్లో చీటీ మీద పేరు, వయసు రాస్తారు. పక్కనే పని కూడా రాయమని అడుగుదాం. ముఆవజా దావా అక్కణ్నించే మొదలవుతుంది.